శంక నుండి శరణమునకు: ఔత్సాహిక రేడియో చరిత్ర

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచెత్తిన ఉప్పెన పదివేలకు పైగా ప్రాణములను బలిగొన్న సంగతి తెలియనివారు ఆంధ్రదేశమున అరుదు. ఆ ఘోరముతో కూడి వచ్చిన మఱియొక కీడు మాత్రము మన స్మృతిలో తగినంత చోటు సంపాదించుకొనలేదు. ఆనాటి గాలికి తంతిస్తంభములు నేలకొరగినవి, టెలిఫోను తీగలు తెగినవి, బాటలు నీట మునిగినవి. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతముల పల్లెలలో ఎవరు బ్రతికిరో, ఎవరు పోయిరో, ఎచట త్రాగునీరు లేదో, ఎచటికి ముందుగా పడవ పంపవలయునో చెప్పగల సాధనము లేక, విపత్తు నిజస్వరూపము పైప్రపంచమునకు తెలియుటకు దినములు పట్టెను. అన్నము పెట్టుటకు చేతులు సిద్ధముగనే ఉండవచ్చును. కాని ఆకలిగొన్నవాడు ఏ మెరకపై నిలిచి ఉన్నాడో తెలియనంతవఱకు ఆ చేతులు నిష్ప్రయోజనములే. విపత్తున మొదట కూలునది వార్త. దానిని నిలువబెట్టిన పిదపనే తక్కిన సహాయమంతయు సార్థకమగును.

ఇట్లు తెగిపోయిన వార్తాసూత్రమును అతుకగల సాధనములలో ఒకటి, ప్రభుత్వ కార్యాలయములందు గాక, సామాన్య గృహస్థుల యిండ్లలో, పెక్కుమార్లు మిద్దెపై గదిలో, తీగెల నడుమ, పాత రిసీవర్ల నడుమ ఉండుచు వచ్చినది. దానిని ఔత్సాహిక రేడియో అందురు. వాడుకలో హామ్ రేడియో. దాని చరిత్రను ఆమూలాగ్రము పరికించినవారికి ఒక విశేషము స్పష్టముగా గోచరించును. ఏ ప్రభుత్వములు దానిని శంకించి, కట్టడి చేసి, ఒక్కొక్కప్పుడు పూర్తిగా నిషేధించినవో, ఆ ప్రభుత్వములే తమ తీగలు తెగిన దినమున దానిని ఆశ్రయింపవలసి వచ్చినది. ఈ వ్యాసమున చెప్పదలచినది ఆ అనుమతుల కథయే.

ఔత్సాహికుడనగా ఎవడు? రేడియో తరంగములపై అభిరుచిచే, ధనాపేక్ష లేక, ప్రభుత్వపరీక్షలో ఉత్తీర్ణుడై, తనకు కేటాయింపబడిన సంకేతనామముతో, తనవంటి లైసెన్సుదారులతో మాత్రమే సంభాషించువాడు. అతడు పాటలు ప్రసారము చేయరాదు, వర్తకవిషయములు మాటాడరాదు, ఇతరులకు బోధపడని రహస్యలిపిని వాడరాదు. ఇన్ని నిషేధముల నడుమ అతనికి మిగిలిన స్వేచ్ఛ ఒక్కటే: తన యంత్రమును తానే కూర్చుకొని, తన ఏరియలును తానే కట్టుకొని, తన స్వరము ఎంతదూరము పోవునో పరీక్షించుకొనుట. పైకి నిష్ప్రయోజనముగా కనిపించు ఈ వినోదమునుండియే విపత్తులయందు అక్కఱకు వచ్చు సమస్త నైపుణ్యమును పుట్టినది.

తీగ లేకుండ విద్యుత్తరంగములను పంపవచ్చునని జగదీశచంద్ర బోసు 1895లో కలకత్తా పురమందిరమున ప్రదర్శించి చూపెను. ఇరువదవ శతాబ్ది తొలిదశకమునాటికే ఐరోపా, అమెరికా దేశములలో యువకులు వందలకొలదిగా స్వయముగా యంత్రములు కూర్చి సందేశములు పంపుట మొదలిడిరి. వారి సంకేతములు నౌకల సంకేతములకు అడ్డుతగులుచున్నవను ఫిర్యాదులు పెరిగెను. 1912లో టైటానిక్ నౌక మునిగిన పిమ్మట అమెరికా ప్రభుత్వము అదే సంవత్సరమున ఒక శాసనము చేసి, ఔత్సాహికులను 200 మీటర్లకు మించని తరంగములకు పరిమితులను గావించెను. తరంగము దీర్ఘమైన కొలది దూరము పోవునని నాటి పండితుల నిశ్చితాభిప్రాయము. కావున హ్రస్వతరంగములను ఔత్సాహికులకు విడుచుటయనగా పండని చేనును పంచి యిచ్చుట వంటిదేయని శాసనకర్తలు తలంచిరి. అయినను మఱుసటి సంవత్సరమే, 1913 మార్చిలో, ఒహాయో ప్రాంతమును వరదలు ముంచి తంతితీగలను తెంచినపుడు, విద్యార్థులును, యువకులునగు ఆ ఔత్సాహికులే తమ చిన్న యంత్రములతో వార్తలనందించి, విపత్సహాయమున ఔత్సాహికుల సేవకు తొలి నిదర్శనములలో ఒకదానిని నెలకొల్పిరి.

పనికిరావని విడిచిన తరంగములు ఎంతటి నిధులో అటుపై పది పండ్రెండేండ్లలో లోకమునకు తెలిసినది. 1921 డిసెంబరులో అమెరికా ఔత్సాహికుల సంకేతములు అట్లాంటిక్ సముద్రమును దాటి స్కాట్లండునందు వినబడినవి. 1923 నవంబరులో ఫ్రాన్సు దేశపు లియోన్ డెలోయ్ అమెరికా ఔత్సాహికులతో సుమారు 110 మీటర్ల తరంగముపై ఇరువైపుల సంభాషణ జరిపెను. ఆ మఱుసటి యేట, 1924 అక్టోబరులో, న్యూజీలండున గొఱ్ఱెల పెంపకముతో జీవించు ఫ్రాంక్ బెల్ అను నతడును, లండను మిల్‌హిల్ పాఠశాలలో చదువుకొను సెసిల్ గోయ్డర్ అను యువకుడును భూగోళపు రెండు అంచులనుండి పరస్పరము పలుకరించుకొనిరి. మహాసంస్థలు గొప్ప గోపురములు కట్టి, అపారవిద్యుచ్ఛక్తిని వెచ్చించి సాధించుచున్న కార్యమును ఒక గొఱ్ఱెలకాపరియు, ఒక విద్యార్థియు చిన్న యంత్రములతో సాధించిరి.

ఇది ఎట్లు సంభవించెను? భూమికి పైన అరువది మొదలు మున్నూరు నన్నూరు కిలోమీటర్ల వఱకు వాయువు సూర్యకిరణముల తాకిడికి విద్యుదావిష్టమై పొరలు పొరలుగా నుండును, దానినే అయనావరణమందురు. ఆపిల్టన్ మున్నగువారు 1924 ప్రాంతమున దాని అస్తిత్వమును ప్రయోగపూర్వకముగా నిరూపింపగా, మన దేశమున కలకత్తా విశ్వవిద్యాలయాచార్యుడు శిశిర్ కుమార్ మిత్ర దానిని గూర్చి జీవితకాలము పరిశోధించి ప్రామాణికగ్రంథము రచించెను. హ్రస్వతరంగము ఈ పొరను తాకి క్రిందికి వంగి నేలకు దిగును. మీదికి దాదాపు నిలువుగా పంపిన తరంగము చుట్టుపట్ల నాలుగైదు వందల కిలోమీటర్ల మేర, కొండలు అడ్డువచ్చినను, లోయలు అడ్డువచ్చినను, ఆకాశమునుండి వాననీరువలె దిగివచ్చి తడుపును. పగటివేళ నలువది మీటర్ల పట్టియు, రాత్రివేళ ఎనుబది మీటర్ల పట్టియు ఇందుకు అనువైనవి. నడుమ స్తంభము లేదు, తీగ లేదు, ఎక్స్ఛేంజి లేదు. కావున కూలుటకు నడుమ ఏమియు లేదు. విపత్సమయమున హామ్ రేడియో బలమంతయు ఇందే యిమిడియున్నది.

భారతదేశమున ఈ విద్యకు 1921లో అంకురార్పణ జరిగెను. ఆ యేట కలకత్తాకు చెందిన అమరేంద్రచంద్ర గుప్తు మొదటి లైసెన్సును పొందెను. కొలది కాలమునకే ముకుల్ బోసు రెండవవాడై, మన గడ్డపై ఇరువురి నడుమ ఔత్సాహిక సంభాషణకు అవకాశము కల్పించెను. 1929 నుండి మన దేశమునకు వీయూ అను ఆద్యక్షరములు ఏర్పడినవి. నేటికిని ప్రతి భారతీయ ఔత్సాహికుని సంకేతనామము ఆ రెండక్షరములతోడనే ప్రారంభమగును. అయినను నాటి లైసెన్సుదారులలో అధికులు ఆంగ్లేయులు, అందును సైనికాధికారులు. 1885 నాటి తంతిశాసనమునకు తోడు, 1933 నాటి వైర్‌లెస్ శాసనము అనుమతి లేని యంత్రమును దగ్గఱ నుంచుకొనుటయే నేరముగా విధించినది. పాలితులు తమ అనుమతి లేక పరస్పరము మాటాడుకొనగలుగుట ఏ పరప్రభుత్వమునకును రుచింపదు గదా!

1939లో ద్వితీయ ప్రపంచ సంగ్రామము ఆరంభమగుటతో ఆ శంక పరాకాష్ఠనందెను. క్రొత్త లైసెన్సుల జారీ నిలిచిపోయెను. ఔత్సాహికులెల్లరు తమ ప్రసారయంత్రములను పోలీసులకు అప్పగింపవలయునని ఉత్తరువులు వెలువడెను. ఆ శంక నిరాధారము కాదని 1942 ఆగస్టు నిరూపించినది. క్విట్ ఇండియా పిలుపు వెలువడి నాయకులందఱు కారాగృహములపాలైన దినములలో, బొంబాయి నగరమున ఇరువదిరెండేండ్ల ఉషా మెహతాయు ఆమె సహచరులును రహస్యముగా కాంగ్రెసు రేడియోను నడపిరి. యంత్రములు కూర్చుటలో నరిమాన్ ప్రింటర్ అను ఔత్సాహికుని నేర్పు వారికి తోడ్పడెను. నివాసము వెంట నివాసము మార్చుచు, పోలీసులను ఏమఱించుచు, పత్రికలు ముద్రింప వెఱచిన వార్తలను వారు దేశమునకు వినిపించిరి. తుదకు నవంబరు 12వ తేదీన పట్టువడిరి, ఉషా మెహతాకు నాలుగేండ్ల శిక్ష పడినది. మిద్దెపై గదిలోని చిన్న యంత్రమునకు సామ్రాజ్యము ఎందులకు భయపడెనో ఈ ఘట్టము చదివిన వారికి విశదమగును.

స్వాతంత్ర్యానంతరము 1948లో మధ్యభారతపు మౌ పట్టణమున, సైన్యపు సిగ్నల్స్ పాఠశాల ఆశ్రయమున, ఔత్సాహికుల సంఘము వెలసి, 1954లో ఢిల్లీకి మారి అఖిలభారత సంఘముగా పేరు మార్చుకొనెను. అయినను పాత శాసనములును, వానితోడి పాత సంకోచములును చాలకాలము చెక్కుచెదరలేదు. యంత్రములను విదేశములనుండి తెప్పించుకొనుట ధనవంతులకే సాధ్యము. తక్కినవారు సైన్యము వేలమున విడిచిన పాత సామగ్రిని సంపాదించి, పనికివచ్చునట్లు మార్చుకొనుచుండిరి. ఈ దారిద్ర్యము వారికి ఒక విధముగ మేలు చేసినది: చెడిన యంత్రమును చేతనున్న వస్తువులతో బాగుచేయనేర్చినవానికి తుపాను రాత్రి క్రొత్తగా నేర్వవలసినది స్వల్పము.

1978లో ఔత్సాహిక రేడియో నియమావళి ప్రకటింపబడెను. అందు పరీక్షల శ్రేణులు, తరంగపట్టికలు, శక్తి పరిమితులు వివరింపబడినవి. చిన్న తరగతికి నిమిషమునకు అయిదు మాటలు, పెద్ద తరగతికి పండ్రెండు మాటల వేగమున మోర్సు సంకేతములు పంపి గ్రహింపవలసియుండెను. ఆ నియమావళిలో మన ప్రకృతమునకు ప్రధానమైన విషయమొకటి కలదు. ఔత్సాహికుడు సాధారణముగా పరుల సందేశములను మోయరాదు. కాని భూకంపము, వరద, తుపాను, దావానలము వంటి ప్రకృతివైపరీత్యములయందు, కలెక్టరు లేక తత్సమానాధికారి పంపు సందేశములను, ఆ అధికారికి వచ్చు సందేశములను మోయవచ్చును. శాసనము శంకను పూర్తిగా విడువకయే, ద్వారము ఒక జానెడు తెఱచినది. 1980 దశకమున దిగుమతి సుంకములు సడలినవి. ప్రధానమంత్రి పదవినధిష్ఠించిన రాజీవ్ గాంధీ స్వయముగ వీయూ2ఆర్‌జీ అను సంకేతనామము గల ఔత్సాహికుడగుటచే ఈ విద్యకు కొంత గౌరవమును లభించెను.

ఆ దశకముననే, 1983లో, హైదరాబాదున జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఏర్పడెను. దాని స్థాపకుడు ఎస్. సూరి. అంతవఱకు మిత్రులనుండి మిత్రులకు, గురువునుండి శిష్యునకు సంక్రమించుచు వచ్చిన ఈ విద్యకు తరగతి గదియు, ప్రయోగశాలయు, పాఠ్యక్రమమును తెలుగునాట ఏర్పడినవి. విద్యార్థులకు, గృహిణులకు, పోలీసు సిబ్బందికి శిక్షణ నిచ్చుటయే గాక, విపత్తు సంభవించిన చోటికి యంత్రములతో దళములను పంపుటను ఈ సంస్థ తన ప్రధానకర్తవ్యములలో ఒకటిగ స్వీకరించినది. తుపానుల తీరమునకు ఇట్టి సంస్థ ఎంత అవసరమో దివిసీమను ఎఱిగినవారికి వేఱుగ చెప్పవలసిన పని లేదు.

విపత్తున హామ్ చేయు పనిని దగ్గఱనుండి చూడనివారు అందలి క్రమశిక్షణను ఊహింపజాలరు. అతని సామగ్రి స్వల్పము: నూఱు వాట్ల శక్తిగల యంత్రము, పండ్రెండు వోల్టుల కారు బ్యాటరీ, రెండు చెట్ల నడుమ కట్టుటకు ఇరువది మీటర్ల తీగ. నలువది మీటర్ల పట్టికి అందు సగము పొడవు తీగ, అనగా రెండు చేతులు కలిపి ఇరువది మీటర్లు, చాలును. సామగ్రి కంటె ప్రధానము నియమము. అనేకులు ఒకే తరంగముపై నుందురు గనుక ఒకరు నియంత్రణకేంద్రముగా నుండి ఎవరు ఎప్పుడు మాటాడవలయునో నిర్ణయింతురు. పిలువనివాడు, తాను చెప్పదలచినది ఎంత ముఖ్యమైనను, ప్రాణాపాయవార్త యైననే తప్ప, మౌనము వహింపవలయును. ప్రతి సందేశమునకు వరుససంఖ్య, వేళ, ప్రాధాన్యము, పంపువాని పేరు, అందుకొనువాని పేరు ఉండును. విన్నవాడు దానిని వ్రాసికొని తిరిగి చదివి వినిపించును. ఊరి పేరును అక్షరము వెంట అక్షరముగా చెప్పుదురు. పాలకాయతిప్ప యనిన దానిని వేఱొక తిప్పగ విన్నచో, బియ్యపు పడవ ఆకలి లేని ఊరికి చేరును. ఈ నియమములను తుపాను రాత్రి నేర్చుట అసాధ్యము. ప్రతిదినము సాయంకాలము ఊరక పలుకరించుకొనుచు, వాతావరణమును గూర్చి, ఏరియలును గూర్చి ముచ్చటించుకొనుచు, ఏండ్ల తరబడి అలవఱచుకొనినవారికే అవి శ్వాసవలె సహజములగును.

1993 సెప్టెంబరు 30వ తేదీ వేకువజామున లాతూరు ప్రాంతమున భూమి కంపించినపుడును, 1999 అక్టోబరు 29న ఒడిశా తీరమును పెనుతుపాను తాకినపుడును, 2001 జనవరి 26న గణతంత్రదినోత్సవపు ఉదయమున భుజ్ పట్టణము నేలమట్టమైనపుడును హామ్‌లు తమ యంత్రములతో చేరి, గుడారముల క్రింద కేంద్రములు నెలకొల్పిరి. మందులు, రక్తము, గుడారములు ఎచట అవసరమో తెలుపుట, అన్యప్రాంతములలోని బంధువులకు తమవారి క్షేమసమాచారమును చేరవేయుట వారి నిత్యకృత్యములు. అయితే వీనియన్నిటిలోను సహాయకులు విపత్తు వెనుక వచ్చిరి. విపత్తుకంటె ముందే అచట ఔత్సాహికుడుండిన సందర్భము అండమానులది. ఈ చరిత్రమంతటికి అదియే శిఖరము.

అండమాన్ నికోబార్ దీవులు దేశరక్షణదృష్ట్యా సున్నితప్రాంతములు. అచట ఔత్సాహిక ప్రసారమునకు అనుమతి దుర్లభముగా నుండెను. 1987 తరువాత ఆ దీవులనుండి ఔత్సాహికుని స్వరము లోకమునకు వినబడలేదు. అందువలన ప్రపంచమందలి హామ్‌లకు అండమాను పలుకు అపురూపమయ్యెను. భారతి ప్రసాద్ అను ఔత్సాహికురాలు, సంకేతనామము వీయూ2ఆర్‌బీఐ, ఆ అనుమతికై దీర్ఘకాలము ప్రయత్నించి, తుదకు సాధించి, హైదరాబాదు సంస్థ పక్షమున ఒక చిన్న బృందముతో పోర్ట్‌బ్లెయిర్ చేరెను. 2004 డిసెంబరు తొలి దినములలో వీయూ4ఆర్‌బీఐ అను ప్రత్యేకనామముతో ఆమె ప్రసారము మొదలిడగనే, భూగోళము నలుమూలలనుండి వేలకొలది ఔత్సాహికులు ఆమెను పిలిచిరి. అది కేవలము వినోదయాత్ర. ప్రభుత్వము ఇన్నేండ్లు శంకించి, తుదకు సంకోచించుచునే అనుమతించిన వినోదము.

డిసెంబరు 26వ తేదీ ఉదయము ఆరున్నర గంటలకు సుమత్రా సమీపమున సముద్రగర్భము బ్రద్దలైనది. దాని తీవ్రత 9కి పైబడినది. పోర్ట్‌బ్లెయిర్ కంపించెను, పిదప సముద్రము పొంగి దీవులమీద పడెను, విద్యుత్తు పోయెను, టెలిఫోనులు మూగవోయెను. భారతి తన యంత్రమును తిరిగి నడపి ప్రధానభూభాగముతో సంబంధము నెలకొల్పెను. నిన్నటివఱకు సంకేతనామములను మాత్రమే ఇచ్చిపుచ్చుకొనిన తరంగముపై నేడు క్షతగాత్రుల, నిరాశ్రయుల, జాడ తెలియనివారల వార్తలు సాగినవి. ఆమె కేంద్రము పరిపాలనాధికారుల కార్యాలయమునకు చేరెను. హైదరాబాదు సంస్థ మఱికొందఱిని పంపగా, మిక్కిలి నష్టపడిన కార్ నికోబారున ఒక కేంద్రము నడచి, అచటివారు జీవించియున్నారను వార్త పోర్ట్‌బ్లెయిర్ మీదుగ దేశమందలి వారి కుటుంబములకు అందినది. వినోదమునకై వచ్చిన అతిథి ఒక్క ఉదయమున ఆ దీవుల వాక్కు అయ్యెను. అనుమతి నెలరోజులు ఆలస్యమైనచో అచట యంత్రమును లేదు, దానిని నడుపు చేయియు లేదు.

ఈ సంఘటన జరిగిన నాలుగు నెలల పిదప, 2005 మే 5వ తేదీన, నాటి నెల్లూరు జిల్లా శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. వాహనము కార్టోశాట్‌తో పాటు హామ్‌శాట్ అను 42.5 కిలోల ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. ఔత్సాహికుల కొఱకే భారతీయ అంతరిక్ష పరిశోధనసంస్థ నిర్మించిన ఆ చిన్న ఉపగ్రహమున రెండు ప్రసారసాధనము లుండెను. అందొకదానిని రూపొందించినవాడు హాలెండు దేశపు విద్యార్థి. అది 2014 వఱకు సేవ చేసెను. 1939లో యంత్రములను పోలీసులకప్పగింపుమనిన రాజ్యమునకు వారసయైన ప్రభుత్వము, ఔత్సాహికునికై ఆకాశమున ఉపగ్రహమును నిలుపుట ఈ చరిత్రమున ఎంత దూరము నడచితిమో చెప్పును.

ప్రతి జేబునందును సెల్‌ఫోనున్న ఈ కాలమున ఈ తీగెలును ఈ సంకేతములును ఇంకెందులకని ప్రశ్నించువారు కలరు. వారికి 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపానే సమాధానము. ఆనాడు విద్యుత్తు లేక, టవర్లు పనిచేయక, మహానగరము తన శివారులతో మాటాడలేకపోయినది. సెల్‌ఫోను ఎంత చిన్నదో దాని వెనుకనున్న ఏర్పాటు అంత పెద్దది; టవరు, విద్యుత్తు, కేబులు, కేంద్రము అను గొలుసులో ఏ కొక్కెము తెగినను అది మూగవోవును. 2015లో చెన్నై వరదలయందును, 2018లో కేరళ వరదలయందును హామ్‌లు మఱల రంగమున దిగవలసి వచ్చుటకు కారణమిదియే. ఫోనుకు ఇది పోటీ యని తలంపరాదు; ఫోను పోయిన పిదప మొదలగు దాని పని వేఱు.

ఇంత చెప్పిన పిదప ఔత్సాహికుల లోపములను దాచుట న్యాయము గాదు. లైసెన్సు పొందినవారిలో పెక్కుమంది కొలది దినములకే యంత్రమును అటకపై పెట్టుదురు. అద్దెయింటివారు ఏరియలు కట్టనీయరు. అపార్టుమెంటులలో మిద్దె ఎవరిదో తేలదు. లైసెన్సు అటకపై నుండగా విపత్తు వచ్చినచో అది కాగితము మాత్రమే. ఈ చరిత్ర మనకు బోధించునది విపత్సేవ విపత్తుదినమున పుట్టదనియే; దాని విత్తనము ప్రశాంతదినముల నిరుపయోగసంభాషణలయందున్నది. కావున సముద్రతీర జిల్లాల కళాశాలలయందు, పాఠశాలలయందు రేడియో సంఘములు వెలయుట అవసరము. ప్రభుత్వము పరీక్షలను సులభముగ, శీఘ్రముగ నిర్వహించుట అవసరము. ప్రతి కలెక్టరు కార్యాలయము తన జిల్లాలోని లైసెన్సుదారులెవరో ముందుగనే తెలిసికొని, ఏటేట తుపాను ఋతువునకు పూర్వమే వారితో ఒక్కసారియైన అభ్యాసము జరుపుట అవసరము. పండ్రెండేండ్లు నిండిన బాలునకును బాలికకును ఈ పరీక్ష వ్రాయు అర్హత కలదు. ప్రారంభశ్రేణికి మోర్సు సంకేతములు నేర్వవలసిన నిర్బంధమును నేడు లేదు. తన యింటి పిల్లలలో స్క్రూడ్రైవరు చేతబట్టి పాత రేడియోను విప్పుచున్నవాని చేతినుండి ఎవరును దానిని లాగికొనకుందురు గాక. వానికి ఈ పరీక్షకు దారి చూపుడు.